చదువు వాతావరణం ఉన్న సేఫ్టీ, మ్యాచ్ కాలేజీలు ఎంచుకోవడం: బెంగళూరు, చెన్నై తెలుగు కుటుంబాలకు

చాలా ఇళ్లలో డ్రీమ్ కాలేజీ గురించి రెండేళ్లు మాట్లాడుకుంటారు. సేఫ్టీ కాలేజీని మాత్రం ఆఖరి వారంలో హడావిడిగా తేలుస్తారు. అనుకున్న సీటు రాకపోతే ఇంటికి దగ్గర్లో ఉన్నదో, డబ్బు కట్టమని ముందుగా ఫోన్ చేసినదో, బంధువుల అబ్బాయి చదివినదో ఖాయమైపోతుంది. మార్కుల కోసం మాత్రమే చదివే పిల్లలకు దీనివల్ల పెద్దగా తేడా పడకపోవచ్చు. ప్రశ్నలు అడగడం, వాదించుకోవడం, సిలబస్‌లో లేని పుస్తకం తెచ్చుకోవడం ఇష్టమైన పిల్లలు మాత్రం అలాంటి చోట మొదటి ఏడాదికే డీలాపడిపోతారు. డ్రీమ్ కాలేజీలో వాతావరణం బాగుంటుందని అందరికీ తెలుసు, దాన్ని వెళ్లి చూడాల్సిన పని తక్కువ. వెళ్లి చూడాల్సింది, ఆరా తీయాల్సింది సేఫ్టీ కాలేజీనే.

ముందు మాటల అర్థం. సీటు అదృష్టం మీద ఆధారపడినది డ్రీమ్. మామూలుగా రాస్తే సగానికి పైగా అవకాశం ఉన్నది మ్యాచ్. పరీక్ష రోజు జ్వరం వచ్చినా సీటు దొరికేది సేఫ్టీ. సేఫ్టీకి సీటు ఖాయం కావడం ఒక్కటే సరిపోదు. ఫీజు అప్పు లేకుండా, లేదా తట్టుకోగల అప్పుతో కట్టగలగాలి. మిగతా ఫలితాలు వచ్చేదాకా ఆ సీటు మన చేతిలో నిలవాలి. పిల్లలు అక్కడికి ఇష్టంగా వెళ్లగలగాలి. ఈ ఆఖరిదాన్ని ఇలా పరీక్షించవచ్చు: ఒక వారం పాటు ఇంట్లో "మనం ఇక్కడే చేరుతున్నాం" అన్నట్టే మాట్లాడుకోండి. ఆ వారంలో అమ్మాయి తనంతట తాను ఆ కాలేజీ సిలబస్ తెరిచి చూస్తే అది సేఫ్టీ. పేరెత్తగానే మాట మారుస్తుంటే ఇంకోటి వెతకాలి.

మొత్తం ఎనిమిదో తొమ్మిదో పేర్లు చాలు: డ్రీమ్ రెండు, మ్యాచ్ నాలుగు, సేఫ్టీ రెండు లేదా మూడు.

అంకెల లెక్క

ఐఐటీ, ఎన్ఐటీ సీట్ల జోసా, కర్ణాటక సీట్ల కేఈఏ, తమిళనాడు ఇంజనీరింగ్ సీట్ల టీఎన్‌ఈఏ లాంటి కౌన్సెలింగ్‌లు గత ఏళ్ల కటాఫ్‌లను బయట పెడతాయి. మూడేళ్లవి తీసుకోండి. మీ కేటగిరీ, మీ కోటా, మీకు కావలసిన బ్రాంచి, ఈ మూడూ కలిసే వరుస మాత్రమే చూడాలి. మ్యాచ్ లెక్కకు ఆఖరి రౌండ్ అంకె పనికొస్తుంది. సేఫ్టీకి మొదటి రౌండ్ అంకెనే చూడాలి, ఎందుకంటే ఆఖరి రౌండ్‌లో ఇతరులు వదిలేసిన సీట్లు కూడా కలుస్తాయి. ఈసారీ అన్నే వదులుతారన్న హామీ లేదు.

ఉదాహరణకు ఒక బ్రాంచి మూడేళ్ల క్లోజింగ్ ర్యాంకులు (ఆఖరి సీటు దక్కిన ర్యాంకులు) 9,800, 10,500, 9,000 అనుకుందాం. వీటిలో కష్టమైనది 9,000. అందులోంచి 30 శాతం తీసేస్తే 6,300. మీ అంచనా ర్యాంకు 6,300 లోపు ఉంటే సేఫ్టీ, 6,300 నుంచి 10,000 మధ్య ఉంటే మ్యాచ్, దాటితే డ్రీమ్. అంచనా ర్యాంకు కోసం చివరి ఆరు మాక్ టెస్టుల్లో అన్నింటికన్నా బాగా వచ్చినదాన్ని కొట్టేసి, మిగతా అయిదింటి సగటు తీయండి. బాగా వచ్చిన ఒక్క మాక్‌ని పట్టుకుని జాబితా వేస్తే అన్నీ మ్యాచ్‌లుగానే కనిపిస్తాయి. జాబితాలు బోల్తా పడేది ఎక్కువగా ఇక్కడే.

తమిళనాడు ఇంజనీరింగ్‌కు ప్లస్ టూ మార్కులే ఆధారం. గణితం 100, ఫిజిక్స్ 50, కెమిస్ట్రీ 50, మొత్తం 200కు కటాఫ్ కడతారు. పైవరసలో అర మార్కుకే చాలామంది ముందుకొస్తారు కాబట్టి, గత కటాఫ్ 186 అయితే 190 దాటితే తప్ప దాన్ని సేఫ్టీ అనుకోకండి.

వివరంగా రాసే పరీక్షలకు, ఇంటర్వ్యూ ఉన్న ప్రవేశాలకు ఈ లెక్క పనిచేయదు. చెన్నై సిరుసేరిలోని చెన్నై మ్యాథమెటికల్ ఇన్‌స్టిట్యూట్ (సీఎంఐ), బెంగళూరు మైసూరు రోడ్డులోని ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ (ఐఎస్ఐ) తమ పరీక్షల్లో నిరూపణలు రాయమంటాయి. జేఈఈలో మంచి ర్యాంకు తెచ్చుకునే పిల్లలు కూడా వీటిలో తడబడతారు. రెండు పరీక్షల తీరు వేరు కావడమే కారణం. ఇలాంటివి ఎంత చురుకైన పిల్లలకైనా సేఫ్టీ కావు. మ్యాచ్ అవునో కాదో తేల్చుకోవాలంటే పాత ప్రశ్నపత్రాలు నాలుగు తీసి, గడియారం పెట్టుకుని రాయించి, గణితం తెలిసిన ఎవరితోనైనా దిద్దించండి. జవాబు సరిగ్గా వచ్చిందా అని కాకుండా, మొదటి వాక్యం నుంచి చివరిదాకా సందు లేకుండా నిలిచిన నిరూపణలు ఎన్నో లెక్కపెట్టమనండి.

కోటా విషయంలో మనవాళ్లు పొరపడే చోటు

బెంగళూరులోనో చెన్నైలోనో ఉంటూ, ఇంటర్‌కు మాత్రం పిల్లలను విజయవాడ, హైదరాబాద్ రెసిడెన్షియల్ కాలేజీలకు పంపే తెలుగు కుటుంబాలు చాలా ఉన్నాయి. ఆ నిర్ణయం కోటాను మార్చేస్తుంది. ఎన్ఐటీల్లో సొంత రాష్ట్రం కోటాకు 12వ తరగతి ఎక్కడ పాసయ్యారన్నదే లెక్క. ఇల్లు బెంగళూరులో ఉన్నా, ఇంటర్ విజయవాడలో పాసైతే కర్ణాటకలోని సూరత్కల్ ఎన్ఐటీ‌లో సొంత రాష్ట్రం కోటా ఉండదు, ఆంధ్రప్రదేశ్‌లోని తాడేపల్లిగూడెం ఎన్ఐటీలో ఉంటుంది. తిరుచ్చి విషయంలో చెన్నై పిల్లలకూ ఇదే వర్తిస్తుంది.

కర్ణాటక ప్రభుత్వ కోటాకు ఎక్కువమంది వాడే నిబంధన ఇది: ఒకటో తరగతి నుంచి రెండో పీయూసీ (12వ తరగతి) దాకా కనీసం ఏడేళ్లు కర్ణాటకలో చదివి ఉండాలి, పదో తరగతి గానీ రెండో పీయూసీ గానీ అక్కడే పాసై ఉండాలి. తొమ్మిదో తరగతిలో బెంగళూరు వచ్చినవాళ్లు ఈ నిబంధన కిందికి రారు. కాబట్టి కేసీఈటీ (కర్ణాటక ప్రవేశ పరీక్ష) కటాఫ్ చూసి సేఫ్టీ అనుకోవడానికి ముందు స్టడీ సర్టిఫికెట్లు పరుచుకుని ఏళ్లు లెక్కపెట్టండి. తమిళనాడులో ఎనిమిది నుంచి పన్నెండు దాకా అక్కడే చదివినవాళ్లకు నేటివిటీ సర్టిఫికెట్ అక్కర్లేదు. మధ్యలో రెండేళ్లు బయటికి వెళ్లిన స్థానికులకు మాత్రం అది కావాలి, తీసుకోవడానికి రోజులు పడుతుంది. చెన్నైలో తెలుగు భాషా మైనారిటీ కాలేజీలూ ఉన్నాయి. ఆ కోటా సీటుకు మాతృభాష తెలుగని కాగితం మీద కనిపించాలి. స్కూలు టీసీలో ఏం రాశారో పరీక్షలకు ముందే చూసుకుని, తప్పుంటే స్కూల్లోనే సరిచేయించండి.

వాతావరణాన్ని ఎలా కనిపెట్టాలి

న్యాక్ (కాలేజీల నాణ్యతను తూచే సంస్థ) గ్రేడు, ఎన్ఐఆర్ఎఫ్ (కేంద్రం ఇచ్చే ర్యాంకుల జాబితా) ర్యాంకు ఈ ప్రశ్నకు నేరుగా జవాబు చెప్పవు. అయితే ఎన్ఐఆర్ఎఫ్‌కు కాలేజీ పంపిన వివరాల పత్రం చాలా పనికొస్తుంది, దాన్ని కాలేజీ తన వెబ్‌సైట్‌లో పెట్టాలి. ఎంతమంది పాసయ్యారు, ఎంతమంది ఉద్యోగాలకు వెళ్లారు, ఎంతమంది పైచదువులకు వెళ్లారు అనే అంకెలు అందులో ఉంటాయి. మూడో అంకె చూడండి. తర్వాత మీకు కావలసిన డిపార్ట్‌మెంట్‌కు ఫోన్ చేసి, పోయినేడు వెళ్లినవాళ్లు ఏ సంస్థల్లో చేరారో అడగండి. బీఎస్సీ బ్యాచ్‌లోంచి ఏటా ఇద్దరు ముగ్గురు జామ్ (ఎమ్మెస్సీ ప్రవేశ పరీక్ష) రాసి ఐఐటీకో, ఐఐఎస్‌సీకో, దాని సొంత పరీక్ష రాసి సీఎంఐకో వెళ్తున్నారంటే, అక్కడ పిల్లల్ని పట్టించుకునే లెక్చరర్ ఒక్కరైనా ఉన్నట్టే.

తర్వాత ప్రశ్నపత్రాలు. యూనివర్సిటీకి అనుబంధంగా ఉన్న కాలేజీలో సిలబస్, ప్రశ్నపత్రం యూనివర్సిటీవే. లెక్చరర్‌కు ఎంత ఉత్సాహం ఉన్నా మార్చే వీలు తక్కువ. అటానమస్ కాలేజీ తన పత్రం తానే తయారు చేసుకుంటుంది కాబట్టి ఆ డిపార్ట్‌మెంట్ బుద్ధి అంతా అందులో కనిపిస్తుంది. సెమిస్టర్ పత్రాలు మూడు సంపాదించండి. చాలా కాలేజీల లైబ్రరీ పేజీలోనే దొరుకుతాయి, లేదంటే సీనియర్ల దగ్గర ఉంటాయి. ఒక పెన్సిల్ తీసుకుని, నోట్సులో ఉన్నది ఉన్నట్టు రాస్తే మార్కులు వచ్చే ప్రశ్నలన్నింటికీ పక్కన గీత పెట్టండి. "ఈ సిద్ధాంతాన్ని పేర్కొని నిరూపించండి" అన్నది గీత పడే ప్రశ్న. "ఈ సిద్ధాంతంలో రెండో షరతు తీసేస్తే అది ఎందుకు నిలవదో ఉదాహరణతో చూపండి" అన్నదానికి గీత పడదు. చరిత్రలో "కారణాలు వివరించండి" గీత పడేది. ఒక పాత ఉత్తరం భాగాన్ని ఇచ్చి "రాసినవారు దాచిపెడుతున్నది ఏమిటి" అని అడిగితే పడదు. గీత పడని ప్రశ్నలకు నూటికి ఇరవై మార్కులు కూడా లేకపోతే అది బట్టీ చదువు. నలభై ఉంటే ఆ కాలేజీని జాబితాలో పైకి తీసుకురండి.

ఆ తర్వాత స్వయంగా వెళ్లి చూడాలి. ఓపెన్ డే రోజు వెళ్తే రంగవల్లులు, స్టాళ్లు తప్ప ఏమీ తెలియదు. పరీక్షలు లేని నెలలో మంగళవారమో బుధవారమో మధ్యాహ్నం రెండు నుంచి అయిదున్నర దాకా ఉండేలా వెళ్లండి. ఆ వేళకు క్లాసులు అయిపోతుంటాయి. అప్పుడు ఏం జరుగుతుందో అదే అసలు కాలేజీ.

గేటు దగ్గర మొదట కాలేజీ బస్సుల వేళ అడగండి. ఆఖరి క్లాసు 3:30కి అయిపోయి, బస్సులన్నీ 3:45కి బయల్దేరేచోట సాయంత్రం ఉపన్యాసం, చర్చ, క్లబ్బు ఏదీ నిలవదు. చెన్నై ఓఎంఆర్ (పాత మహాబలిపురం రోడ్డు) మీద, బెంగళూరు శివార్లలో చాలా కాలేజీల పరిస్థితి ఇదే. ఆరు గంటలకు ఇంకో బస్సు ఉంటేనో, సగం మందైనా హాస్టల్లో ఉంటేనో నయం. ఇంటి నుంచి రోజూ వెళ్లేవాళ్లు ఒకవైపు ప్రయాణం గంటంబావు దాటకుండా చూసుకోవాలి. దాటితే ఎంత మంచి క్యాంపస్ అయినా పిల్లలకు మిగిలేది క్లాసు గది ఒక్కటే.

లైబ్రరీలో అల్మరాల సంఖ్య చూడకండి. మీ పిల్లలకు ఇష్టమైన సబ్జెక్టు వరుసకు వెళ్లి, సిలబస్‌లో లేని పుస్తకాలు ఓ పది బయటికి తీసి వెనక అట్ట లోపలి తేదీ చీటీ చూడండి. ఆఖరి ముద్ర ఏ ఏడాదిది? పదింట్లో నాలుగు పుస్తకాల మీద గత రెండేళ్ల ముద్రలుంటే ఆ కాలేజీలో చదివేవాళ్లున్నారు. ముద్రలన్నీ పదేళ్ల కిందటివైతే, ఒకప్పుడు చదివే లెక్చరర్ ఎవరో ఉండి రిటైరయ్యారని అర్థం. కంప్యూటర్లో ఇష్యూ చేసేచోట చీటీ ఉండదు. అక్కడ కౌంటర్‌లో ఉన్నవారిని అడిగితే ఈ నెల ఎక్కువ తీసుకెళ్లిన పుస్తకాల పేర్లు చెబుతారు. అన్నీ గైడ్లూ పోటీ పరీక్షల పుస్తకాలే అయితే సంగతి తెలిసిపోతుంది. డిగ్రీ పిల్లలు తామే అల్మరాల మధ్యకు వెళ్లి వెతుక్కోవచ్చా, లేక చీటీ రాసిస్తే అటెండర్ తెచ్చిస్తారా అన్నది కూడా అడగండి. పక్క పుస్తకం కంటబడే అవకాశం లేని లైబ్రరీతో సగం ప్రయోజనం పోయినట్టే.

నోటీసు బోర్డు మీద ఫీజు గడువులు, హాజరు కొరత జాబితాలు కాక ఇంకేం ఉన్నాయి? బయటివాళ్ల ఉపన్యాసాల నోటీసులుంటే ఫోటో తీసుకుని, ఉపన్యాసం తర్వాత ప్రశ్నలకు ఎంతసేపు ఇచ్చారో విద్యార్థులను అడగండి. శాలువా, జ్ఞాపిక, వందన సమర్పణతో ముగిసిపోయే కార్యక్రమాలు ఎన్ని ఉన్నా లాభం లేదు.

క్యాంటీన్‌లో ఇద్దరు ముగ్గురు రెండో ఏడాది వాళ్లతో మాట్లాడాలి. ఈ పని తల్లిదండ్రులు చేయకూడదు, పిల్లలు ఒంటరిగా వెళ్లాలి. "కాలేజీ ఎలా ఉంది అన్నా?" అంటే "బాగుంది" అనే చెబుతారు. అడగాల్సినవి మూడే: నిన్న క్లాసులో ఏం చెప్పారు? బోర్డు మీద లెక్చరర్ తప్పు రాస్తే మీరేం చేస్తారు? సిలబస్‌లో లేనిది తెలుసుకోవాలంటే ఎవరి దగ్గరికి వెళ్తారు? మూడో ప్రశ్నకు తడుముకోకుండా ఒక లెక్చరర్ పేరు వస్తే ఆ పేరు రాసుకోండి. అదే పేరు వేరే ఇద్దరి నోటా వస్తే, చేరిన మొదటి వారంలో కలవాల్సినది వారినే. రెండో ప్రశ్నకు నవ్వి ఊరుకుంటే అది కూడా జవాబే.

కాలేజీ ఇవ్వలేనిది నగరం ఇస్తుందా

సేఫ్టీ కాలేజీ అన్నిటా బాగుండదు. ఒక మంచి లెక్చరర్, సాయంత్రం ఖాళీ, బస్సో మెట్రోనో ఉంటే మిగతాది నగరంలో దొరుకుతుంది. ఊరి బయట చుట్టూ గోడ కట్టిన పెద్ద క్యాంపస్ కన్నా నగరం నడిబొడ్డున ఉన్న చిన్న కాలేజీ చాలాసార్లు మేలు కావడానికి ఇదే కారణం.

బెంగళూరులో ఫిజిక్స్ చదివే డిగ్రీ పిల్లలకు జవాహర్‌లాల్ నెహ్రూ ప్లానిటోరియం నడిపే రీప్ తరగతులు ఉన్నాయి. మామూలు బీఎస్సీ కాలేజీలో ఉంటూ కూడా లోతైన ఫిజిక్స్ నేర్చుకునే దారి అది. ఐసీటీఎస్ (సైద్ధాంతిక విజ్ఞాన పరిశోధన సంస్థ) వాళ్ల 'కాపి విత్ క్యూరియాసిటీ' (కాపి అంటే కాఫీ) ఉపన్యాసాలకు ఎవరైనా వెళ్లవచ్చు. బసవనగుడిలో 1945 నుంచి ఉన్న ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ వరల్డ్ కల్చర్‌లో, దొమ్మలూరులోని బెంగళూరు ఇంటర్నేషనల్ సెంటర్‌లో సాహిత్యం, చరిత్ర, విజ్ఞానశాస్త్రం మీద సభలు జరుగుతుంటాయి.

చెన్నైలో ఎగ్మోర్ కన్నెమరా లైబ్రరీ 1896లో తెరిచింది. దేశంలో అచ్చయ్యే పుస్తకాల ప్రతులు చట్టప్రకారం చేరే గ్రంథాలయాల్లో అదొకటి. కోట్టూర్‌పురంలో 2010లో మొదలైన అన్నా శతాబ్ది గ్రంథాలయం కూర్చుని చదువుకోవడానికి అన్నింటికన్నా సుఖమైన చోటు. తరమణిలోని మ్యాథమెటికల్ సైన్సెస్ ఇన్‌స్టిట్యూట్‌లో డిగ్రీ కోర్సులు లేవు కానీ బయటివారి కోసం ఉపన్యాసాలు పెడుతుంటారు. సేఫ్టీ కాలేజీ నుంచి వీటిలో రెండింటికి ముప్పావుగంటలో చేరగలరా అన్నది మ్యాప్‌లో సాయంత్రం అయిదింటికి చూడండి, ఆదివారం ఉదయం కాదు.

ఒక జాబితా ఎలా ఉంటుందంటే

చెన్నైలో ప్లస్ టూ చదువుతున్న, గణితం ఇష్టమైన అమ్మాయి అనుకుందాం. సీఎంఐ, ఐఎస్ఐ బెంగళూరు బీమ్యాథ్ డ్రీమ్. ఐఏటీ (ఐసర్ ప్రవేశ పరీక్ష) రాసి, సైన్స్ చదువు, పరిశోధన కలిసి సాగే ఐసర్ తిరుపతి, ఐసర్ తిరువనంతపురం మ్యాచ్. ఐఏటీలో బయాలజీ, కెమిస్ట్రీ, గణితం, ఫిజిక్స్ ఒక్కోదాని నుంచి 15, మొత్తం 60 ప్రశ్నలు. గణితం మాత్రమే వచ్చిన పిల్లలు బయాలజీ ప్రశ్నలు వదిలేస్తే ఎన్ని మార్కులు మిగులుతాయో ముందే లెక్క వేసుకోవాలి, లేకపోతే మ్యాచ్ అనుకున్నది డ్రీమ్‌గా తేలుతుంది. సేఫ్టీకి తాంబరం మద్రాస్ క్రిస్టియన్ కాలేజీ, నుంగంబాక్కం లయోలా, స్టెల్లా మారిస్ లాంటి అటానమస్ కాలేజీల బీఎస్సీ గణితం. మార్కులు వాటి గత కటాఫ్‌కు బాగా పైన ఉంటేనే ఆ మాట. స్కూల్లో తమిళం చదవని పిల్లలు డిగ్రీలో ప్రాథమిక తమిళం పేపరు రాయాల్సి ఉంటుంది, అది తేలికైనదే. మొదటి భాషగా తెలుగో, సంస్కృతమో, హిందీయో ఉందా అన్నది మాత్రం కాలేజీ కాలేజీకీ మారుతుంది, అడిగి తెలుసుకోండి.

బెంగళూరులో చరిత్ర, రాజకీయాలు ఇష్టమైన అబ్బాయికి నేషనల్ లా స్కూల్ డ్రీమ్. అజీం ప్రేమ్‌జీ యూనివర్సిటీకి సొంత పరీక్ష, ఇంటర్వ్యూ ఉన్నాయి కాబట్టి మ్యాచ్. సెయింట్ జోసెఫ్స్ యూనివర్సిటీ మార్కులను బట్టి మ్యాచో సేఫ్టీయో అవుతుంది. విదేశాల్లో పైచదువులు ఆలోచనలో ఉంటే డిగ్రీ మూడేళ్లా నాలుగేళ్లా అన్నది ముందే చూసుకోవాలి, ఎందుకంటే కర్ణాటక ప్రభుత్వం 2024లో మళ్లీ మూడేళ్ల డిగ్రీకి వచ్చింది.

డబ్బు, గడువులు

డిగ్రీ కాలేజీల ప్రవేశాలు మే నెలలోనే ముగియడం మొదలవుతుంది. సీఎంఐ, ఐఎస్ఐ, ఐసర్, జోసా వ్యవహారాలు జూన్, జులైలోకి సాగుతాయి. అందుకే సేఫ్టీలో ఫీజు కట్టి సీటు పట్టుకోవడం తప్పదు. ఆ డబ్బు పోయినట్టేనని చాలామంది భయపడతారు. 2024-25 ప్రవేశాలకు, యూనివర్సిటీలను పర్యవేక్షించే యూజీసీ చెప్పింది ఇది: సెప్టెంబరు 30 లోపు వదులుకుంటే పూర్తి ఫీజు తిరిగివ్వాలి, అక్టోబరు 31 లోపు అయితే వెయ్యి రూపాయలకు మించి పట్టుకోకూడదు. మీ ఏడాది నోటీసు యూజీసీ సైట్ నుంచి దించి ప్రింట్ పెట్టుకోండి. ఒరిజినల్ సర్టిఫికెట్లు కాలేజీ తన దగ్గర అట్టే పెట్టుకోకూడదని కూడా 2018 నుంచి యూజీసీ నిబంధన ఉంది. పరిశీలనకు చూపించి, జిరాక్సులు ఇచ్చి, ఒరిజినల్స్ వెంటనే వెనక్కి తీసుకోండి. ఒరిజినల్ టీసీ ఒక్కటే ఉంటుంది కాబట్టి, అది ఇవ్వాల్సి వస్తే తేదీ వేసిన రసీదు లేకుండా కదలవద్దు.

జనవరిలోనే "ఈ వారం కడితే సీటు, స్కాలర్‌షిప్" అని ఫోన్లు చేసే కాలేజీల విషయంలో రెండు కాగితాలు అడగండి: కోర్సు అన్ని ఏళ్ల ఫీజు, ఏటా పెంపుతో సహా, స్కాలర్‌షిప్ రెండో ఏడాది నిలవడానికి ఎంత సీజీపీఏ కావాలో. ఫోన్‌లో కాదు, ఈమెయిల్‌లో రావాలి. రాకపోతే ఆ పేరు కొట్టేయండి.

ఫీజు కట్టిన రోజునే ఒక తెల్లకాగితం మీద నాలుగు గళ్లు గీసి, కాలేజీ పేరు, కట్టిన మొత్తం, రసీదు నంబరు, వెనక్కి అడగాల్సిన ఆఖరి తేదీ రాసి ఫ్రిజ్ తలుపుకు అంటించండి. సీటు వదులుకునే లేఖను ఈమెయిల్‌లో పంపి, దాని ప్రతి మీద కాలేజీ ఆఫీసు ముద్ర కూడా వేయించుకోండి.